బీపీ చూశారు సరే, తగ్గిందా?

2025 సెప్టెంబరు 17న, ప్రధాని పుట్టినరోజున, మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో మొదలైన ‘స్వస్థ్ నారీ, సశక్త్ పరివార్’ అనే మహిళా ఆరోగ్య పరీక్షల కార్యక్రమం అక్టోబరు 2 దాకా దేశమంతా నడిచింది. అది ముగిశాక వచ్చిన పెద్ద వార్త ఏమిటి? గిన్నిస్ రికార్డు. అదీ ఒకటి కాదు, మూడు. నెల రోజుల్లో ఒక ఆరోగ్య వేదికపై 3.21 కోట్ల మంది పేర్లు నమోదయ్యాయట. సంతోషం. వాళ్లలో ఎంతమందికి బీపీ బయటపడింది, ఎంతమంది ఇవాళ్టికీ మాత్ర వేసుకుంటున్నారు, ఎంతమందికి అది అదుపు గీత అయిన 140/90 లోపుకు దిగింది? దానికి రికార్డు ఇచ్చేవాళ్లు లేరు. అడిగే విలేకరులూ లేరు.

పేద మహిళల గుండె కోసం పెట్టే స్క్రీనింగ్ (ముందస్తు పరీక్షల) పథకాలను ఇలా తలలు లెక్కబెట్టి మెచ్చుకోవడం మానేయాలి. ఏడాది కిందట ‘నీకు బీపీ ఉందమ్మా’ అని చెప్పినవాళ్లలో ఈ రోజు ఎంతమందికి అది అదుపులో ఉంది? పథకం బాగుందో లేదో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు. మళ్లీ ఆస్పత్రి గడప తొక్కనివాళ్లను కూడా అదుపులో లేనట్టే రాయాలి.

మన దగ్గర పథకాలకు కొదవ లేదు. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఉంది. తెలంగాణలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ పేరుతో మంగళవారం క్లినిక్‌లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల (ఎన్‌సీడీ) సర్వే చేస్తున్నారు. అయినా 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో బీపీ ఉన్నవాళ్లలో 37 శాతానికే ఆ సంగతి తేలింది, 30 శాతం మందులు వాడుతున్నారు, అదుపులో ఉన్నది 15 శాతానికే. అంటే మందు వాడుతున్నవాళ్లలోనూ సగం మందికి అది పనిచేయడం లేదు. పరీక్ష దగ్గరే కాదు, ఆ తర్వాత కూడా జనం జారిపోతున్నారు.

ఎలా జారిపోతారో చూడాలంటే మన దేశంలో కాస్త మెరుగ్గా నడిచిన కార్యక్రమాన్నే తీసుకుందాం. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ (అధిక బీపీ) నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో తెలంగాణ కూడా ఉంది. ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత ఏది ఇవ్వాలి అనేదానికి రాష్ట్రానికో సులువైన పద్ధతి, నెల రోజుల మాత్రలు ఒకేసారి, రోగికో కార్డు. మంచి ఏర్పాటే. తెలంగాణ సహా నాలుగు రాష్ట్రాల్లోని 24 ఆస్పత్రుల్లో 2018 జనవరి నుంచి 2019 జూన్ దాకా పేరు రాయించుకున్న 21,895 మంది మీద అధ్యయనం జరిగింది. బీపీ అదుపులో ఉన్నవాళ్లు 26.3 శాతం నుంచి 59.8 శాతానికి పెరిగారని తేలింది. చప్పట్లు కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగాలి. ఆ 59.8 శాతం తిరిగి వచ్చిన 11,274 మందిలో. పేరు రాయించుకున్న అందరిలో చూస్తే సుమారు 6,700 మంది, అంటే 31 శాతం కూడా నిండలేదు. హాల్ టికెట్ తీసుకుని పరీక్షకు రాని పిల్లల్ని వదిలేసి మా కాలేజీ పాస్ శాతం ఇదీ అని ప్రకటన వేసుకుంటే ఎలా ఉంటుంది? ఇది అధ్యయనం చేసినవాళ్లను తప్పుబట్టడం కాదు, తిరిగి వచ్చినవాళ్లు 51.5 శాతమేనని వాళ్లే రాశారు. పైగా ఆ కార్యక్రమం తన లెక్కల్లో ‘విజిట్‌కు రానివాళ్లు’ అని విడిగా ఒక గడి పెట్టింది. ఆ గడిని ప్రెస్ మీట్‌లో చదివే మంత్రి మాత్రం ఇంకా కనబడలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో బీమా లేని పేద మహిళల కోసం 1990లలో ‘వైజ్‌ఉమన్’ అనే పథకం పెట్టారు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలకు వచ్చే మహిళకే అక్కడే బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ చూసే ఏర్పాటు అది. ఆలోచన చక్కనిది. కానీ దాని మదింపుల్లోనూ ఎక్కువగా కొలిచింది ఏడాది తర్వాత రెండోసారి వచ్చినవాళ్లలో మార్పునే. రెండోసారి వచ్చేది ఎవరు? ఆరోగ్యం మీద ముందే కాస్త శ్రద్ధ, బస్సు చార్జీలు, సెలవు ఉన్నవాళ్లు. ఇంకో సంగతి, ఒకసారి ఎక్కువ చూపించిన బీపీ రెండోసారి చూస్తే చాలాసార్లు ఏ మందూ లేకుండానే కొంత తగ్గుతుంది, అదీ పథకం ఖాతాలో పడుతుంది.

క్యాంపులో చూసే తీరు తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎండలో నడిచొచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టీ పెట్టగానే జాకెట్టు చేతి మీదే పట్టీ చుడతారు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి, రెండుసార్లు చూడాలి అని నిబంధన. వెనక అరవై మంది లైన్లో ఉంటే, ట్యాబ్‌లో సిగ్నల్ లేకపోతే, సాయంత్రానికి టార్గెట్ పూర్తి కావాలని పైనుంచి ఫోన్లు వస్తుంటే ఏఎన్‌ఎం (ఊరి నర్సు) ఏం చేస్తుంది? ఒక్కసారి చూసి ఎక్కిస్తుంది. ఆమెను అనడానికి లేదు. ఏది లెక్కబెడితే పని అలాగే సాగుతుంది.

అసలు స్క్రీనింగే దండగ అనే వాదన కూడా ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డెన్మార్క్‌లో దాదాపు 60 వేల మందితో జరిగిన ‘ఇంటర్99’ పరిశోధనలో ఒక వర్గాన్ని పరీక్షలకు పిలిచి, ఐదేళ్లు సలహాలిచ్చారు. పదేళ్ల తర్వాత గుండె జబ్బుల్లో రెండో వర్గంతో పోలిస్తే తేడా లేదు. నిజమే. కానీ డెన్మార్క్‌లో స్క్రీనింగ్‌కు పిలవకపోయినా దాదాపు ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉంటాడు. బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, డాక్టర్ దగ్గరికి పంపి, మళ్లీ వెళ్లి అడిగితే, రెండేళ్లలో పై బీపీ మామూలు పద్ధతి కంటే సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. మనం పోల్చుకోవాల్సింది వీళ్లతో. అక్కడ ఫలితం తెచ్చింది పరీక్ష ఒక్కటే కాదు, ‘మళ్లీ వెళ్లి అడగడం’ కూడా.

ఇక నాకు అన్నిటికంటే ఒళ్లు మండే విషయం. మన స్క్రీనింగ్ ఫారంలో రిస్కు స్కోరు ఆరు ప్రశ్నల మీద వేస్తారు: వయసు, పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, వారానికి 150 నిమిషాల శ్రమ, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా. (నాట్లు వేసే మనిషిని వ్యాయామం చేస్తావా అని అడగాల్సి రావడం ఆశా కార్యకర్త కష్టం.) తెలుగు మహిళ గుండె గురించి చాలా చెప్పగల రెండు ప్రశ్నలు ఈ స్కోరులో లేవు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా? గర్భసంచి తీసేశారా, ఏ వయసులో?

గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయి, మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనే ఫిట్స్ దాకా వెళ్లిన మహిళ కాన్పుతో గండం గడిచిందనుకుంటుంది. అలాంటివాళ్లకు తర్వాతి కాలంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపు. ఆమె బీపీ ప్రతి చెకప్‌లోనూ చూశారు, మాతాశిశు కార్డు మీద రాశారు, కంప్యూటర్‌లో ఎక్కించారు. బిడ్డ టీకాలు అయిపోగానే ఆ కార్డు బీరువా పైకి పోతుంది. పాతికేళ్లకే ప్రభుత్వం చేతికొచ్చిన హెచ్చరికను పక్కన పడేసి, 30 దాటాక అదే మహిళ దగ్గరకు కొత్త ఫారం పట్టుకుని వెళ్తున్నాం.

గర్భసంచి సంగతి ఇంకా ఘోరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. దేశ సగటు 3 శాతం చిల్లర ఉంటే మన దగ్గర 8, 9 శాతం. అందులోనూ 40 నిండకుండానే చేయించుకున్నవాళ్లు ఎందరో. అండాశయాలు కూడా తీసేస్తే గుండెకు ఉన్న సహజమైన రక్షణ ఏళ్ల ముందే పోతుంది. ఆ తర్వాత ఛాతీలో మంట, చెమటలు, ఆయాసం వస్తే ఆ మహిళ ‘గ్యాస్ పట్టేసింది’ అని సోడా తాగి పడుకుంటుంది. ఆమె మాత్రమే కాదు, ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ కూడా గ్యాస్ మాత్రే ఇస్తాడు.

ఈ లోపం డబ్బు లేక వచ్చింది కాదని అనడానికి ఆరోగ్యశ్రీ వైపు చూస్తే చాలు. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. మూసుకుపోయిన గుండె రక్తనాళంలో స్టెంట్ వేయాలంటే ముందస్తు అనుమతి, యాంజియోగ్రామ్, డిశ్చార్జి కాగితం అన్నీ ఆన్‌లైన్‌లో ఉండాలి. ఆస్పత్రిలో రోగికి సాయం చేసే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటాడు. గుండె పాడైన మనిషికి ఇంత నిఘా. బీపీ తగ్గించి గుండె పాడుకాకుండా చూసే ఆమ్లోడిపిన్ మాత్ర స్ట్రిప్పు జనరిక్ షాపులో కొద్ది రూపాయలే. అది ఈ నెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఉందా, ఎవరు తీసుకెళ్లలేదు అని చూసే నాథుడు లేడు. బీపీ పేషెంట్‌కు మిత్ర ఎవరంటే జీతం కాక పారితోషికం మీద బతికే ఆశా కార్యకర్తే. స్టెంట్‌కు వెళ్లే డబ్బు ఎక్కువగా కార్పొరేట్ ఆస్పత్రికి చేరుతుంది, దానికి ఓటూ వస్తుంది, థాంక్యూ ఫ్లెక్సీ కూడా కడతారు. రాని గుండెపోటుకు కృతజ్ఞత చెప్పేవాడు ఉండడు కాబట్టి ఏ ప్రభుత్వానికీ దాని మీద మోజు లేదు. ఆరోగ్యశ్రీ వద్దని నేననడం లేదు. ఆ నిఘాలో పదో వంతు మాత్ర మీద పెట్టమంటున్నాను.

మంగళవారం క్లినిక్ విషయంలో కూడా ఇదే కనబడుతుంది. మహిళలకు ప్రత్యేకంగా ఒక రోజు అనేది వినడానికి బాగుంటుంది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మహిళకు లెక్క వెయ్యి బీడీలకు కూలి. మంగళవారం మధ్యాహ్నం పోతే ఆ పూట కూలి పోతుంది, మాత్రల కోసం నెలనెలా పోతుంది. పైన చెప్పిన అధ్యయనంలోనే బీపీ అదుపు పెద్దాస్పత్రుల్లో 22.9 శాతం పాయింట్లు పెరిగితే, ఊరికి దగ్గరగా ఉండే ప్రాథమిక కేంద్రాల్లో 48.1 శాతం పాయింట్లు పెరిగింది. దగ్గరయ్యేకొద్దీ ఫలితం పెరుగుతోందని ఇంత స్పష్టంగా కనబడుతుంటే మాత్రలు సబ్‌సెంటర్‌కు, పల్లె దవాఖానాకు, వీలైతే డ్వాక్రా సంఘం మీటింగ్ దగ్గరకు రావాలి. రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి.

కొత్త యాప్, కొత్త పేరు, కొత్త లోగో ఏదీ అక్కర్లేదు. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద నెలకోసారి మూడు అంకెలు రాయమనండి: పోయిన ఏడాది ఈ నెలలో బీపీ ఉందని తేలిన మహిళల్లో అదుపులో ఉన్నవాళ్లు, లేనివాళ్లు, రానివాళ్లు. ఫారంలో ఆ రెండు ప్రశ్నలు చేర్చడానికి ఒక సర్క్యులర్ సరిపోతుంది. గర్భిణుల రికార్డుల్లో బీపీ వచ్చినట్టు నమోదైన పేర్ల జాబితా తీసి ఏఎన్‌ఎంలకు పంపడానికి జిల్లా ఆఫీసులో ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్, ఒక వారం చాలు.