గంటలో ఎంత వాన పడిందో కూడా రాయండి
వానల మీద మీ ఆర్టికల్లో రోజు మొత్తమ్మీద ఇన్ని మిల్లీమీటర్లు పడిందని రాశారు గానీ, మా భీమవరం లాంటి ఊళ్ళకి గంటలో ఎంత పడిందన్నదే ముఖ్యం అండి. 70 మి.మీ. రోజంతా పడితే డ్రెయిన్లు ఎలాగోలా లాగేస్తాయి, అదే గంటలో దంచేస్తే ఎకరానికి దాదాపు 2.8 లక్షల లీటర్లు ఒకేసారి వచ్చి పడ్డట్టు, డెల్టాలో నేలకి వాలు లేదు, పైగా ఊరి నీళ్ళు పోయే పెద్ద కాలవ యనమదుర్రు డ్రెయిన్ నిండుగా ఉంటే వీధి నీళ్ళు ఎక్కడికి పోతాయి? గోదావరి వరదకైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరగానే మొదటి హెచ్చరిక ఇస్తారు, సామాన్లు సర్దుకోడానికి టైం ఉంటుంది, ఈ వానకి ఆ టైమే ఉండదు. మా వీధిలో డ్రెయిన్ మీద శ్లాబులేసి షాపుల మెట్లు కట్టేశారు, పూడిక తీద్దామంటే పార కూడా దూరదు. ముందు అవి తీయించాలి, వార్డుకో వాన కొలిచే మీటర్ పెట్టించాలి.