సాక్షి ఎలుకల బోను గారికి

ఎలుకల బోను గారికి నమస్కారాలు.

మా ఇళ్లలో కొబ్బరిముక్క తగిలించే ఇనపతీగెల డబ్బాకి కాదు, చెక్కపలక మీద టప్పున సుత్తి పడే మీకే ఈ ఉత్తరం. మీ పని ఎలుకల వరకే అనుకున్నాం. 1996లో అమెరికాలో మైకేల్ బీహీ అనే జీవరసాయన శాస్త్రవేత్త తన పుస్తకంలో మీకు ప్రమోషనిచ్చి, పరిణామ సిద్ధాంతపు డార్విన్‌ని పట్టే డ్యూటీ వేశాడట. అభినందనలు.

పలక, స్ప్రింగు, సుత్తి, కొక్కెం, కడ్డీ. అయిదింట్లో ఏది ఊడినా మీరు దండగేనట. బాక్టీరియా ఈదడానికి తిప్పే తోకా అంతేనట. అంచేత మెల్లమెల్లగా పరిణామం చెంది రావడం కుదరదు, ఎవరో తెలివైనవాడు కూర్చుని చేసి ఉండాలి; ఈ వాదానికే ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అని పేరు. ఎవరయ్యా ఆ తెలివైనవాడు అంటే, సొంత నమ్మకం ప్రకారం దేవుడేగానీ సైన్సు ప్రకారం చెప్పలేం అన్నారు బీహీ గారు. పెళ్లికొడుకు పేరు లేకుండా శుభలేఖలు పంచడమంటే ఇదే.

కెన్నెత్ మిల్లర్ అనే జీవశాస్త్రవేత్త మీలోంచి రెండు ముక్కలు పీకి, మిగతా మూడూ టై క్లిప్పుగా పనికొస్తాయన్నాడు. మీ పరువు ఏమైందో అడగను. బాక్టీరియా తోకలోనూ బోలెడు భాగాలు తీసేస్తే మిగిలేది చెత్త కాదు; ప్లేగు క్రిమి మన కణాల్లోకి విషం ఎక్కించే సూదిలాంటి యంత్రానికి అది దగ్గరి చుట్టం. భాగాలు ఒకప్పుడు వేరే పనిచేసి ఉండొచ్చు కదా అన్న చిన్న అనుమానం ఇన్నేళ్లలో మీకైనా రాలేదా?

2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు, తొమ్మిదో తరగతి పిల్లలకు డార్విన్ మీద అనుమానపు ప్రకటన చదివి వినిపించాలంది. సైన్సు టీచర్లు మేం చదవమన్నారు. అధికారులే వచ్చి చదివారు. ఇది సైన్సు ముసుగులో మతం చెప్పడమేనని 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అక్కడ బోర్డు తరఫు సాక్షిగా వచ్చిన బీహీ గారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో, సైన్సుకి తానిచ్చిన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమేనని ఒప్పుకున్నారు.

మేం నవ్వడానికి లేదు లెండి. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెడతానంటే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ స్థాపకుడు పీ.ఎం. భార్గవ అది సైన్సు కాదని కోర్టుకెళ్లారు. ఆయన పిటిషన్‌ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. బీహీ గారు సాక్ష్యం చెప్పడానికి ఊరు తప్పుగా ఎంచుకున్నారు, అంతే.

ఇది భక్తులకీ నాస్తికులకీ తగాదా అని మీ చెవిన ఎవరైనా ఊదితే నమ్మకండి. బీహీ క్యాథలిక్కు, మిల్లరూ క్యాథలిక్కే. మీ సిద్ధాంతం సైన్సు కాదని 2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు రాసిన జడ్జి జాన్ జోన్స్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది స్వయానా భక్తుడైన అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్. ఆదివారం చర్చిలో ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుంటే కోర్టుకేం పని? సోమవారం పొద్దున బయాలజీ పీరియడ్లో దాన్ని దొడ్డిదారిన దూర్చబోతేనే వచ్చింది చిక్కు.

తీర్పుకి ముందే, నవంబరు ఎన్నికల్లో, బరిలో ఉన్న పాత బోర్డు సభ్యులు ఎనిమిది మందీ ఓడిపోయారు. అవతలి లాయర్ల ఫీజు కింద 10 లక్షల డాలర్ల పైచిలుకు స్కూలు డబ్బులోంచే పోయింది. మరి ఇంత ఖర్చులో మీకు సాక్షి భత్యం కింద ఒక్క జున్నుముక్కయినా ముట్టిందా? వీలు చూసుకుని జాబు రాయగలరు.

ఇట్లు,
మీ సుత్తికి ఒకసారి వేలు అప్పగించిన పాఠకుడు