ముప్పావులో ఉన్న లెక్క

చిత్తూరు పల్లెల్లో తెల్లారేసరికి పాల కేంద్రం దగ్గర క్యాన్ పట్టుకుని నిలబడే ఐదో తరగతి పిల్లాడికి పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) 3.9 కన్నా 4.1 మేలని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తేడా ఇంటికొచ్చే డబ్బులో కనిపిస్తుంది. అదే పిల్లాణ్ని బడిలో 3.9, 3.12లలో ఏది పెద్దదని అడగండి. చాలాసార్లు తడుముకోకుండా 3.12 అంటాడు. తొమ్మిది కన్నా పన్నెండు పెద్దది కదా మరి!

తప్పు వాడిది కాదు. 'మూడు పాయింట్ పన్నెండు' అని చదివించింది మనమే. 'మూడు పాయింట్ ఒకటి రెండు' అని చదివించి, మీటరు టేపు నేలమీద పరిస్తే తగువు తీరిపోతుంది. ఒకటి మూడు మీటర్ల 90 సెంటీమీటర్లు, రెండోది మూడు మీటర్ల 12. క్రికెట్ కూడా ఇక్కడ కొంత చెడగొడుతోంది లెండి. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. ఆ చుక్క దశాంశ బిందువు కాదని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

భిన్నాల దగ్గర మన భాషే సగం పాఠం చెప్పేస్తుంది. ముప్పావు అంటేనే మూడు పావులు. 'నాలుగింట మూడు వంతులు' అన్నప్పుడు మొత్తం ఎన్ని భాగాలో ముందు వినిపిస్తుంది, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత. 'త్రీ బై ఫోర్'లో ఆ ఊసే లేదు. పైన మూడు, కింద నాలుగు, మధ్యలో ఓ గీత. అందుకే 1/4 కన్నా 1/8 పెద్దదనుకునే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పావు కిలో, అరపావు కాఫీపొడి పొట్లాలు చెరో చేతిలో పెడితే ఆ పొరపాటు పడరు. ఇంగ్లిష్ మీడియం వద్దని మేము అనడం లేదు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు ఇచ్చారు కదా, లెక్కల పీరియడ్‌లో తెలుగు పేజీ కూడా చదివించమంటున్నాం.

కొలతలకు ప్రత్యేక నిధులూ అక్కర్లేదు. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల్లో తలకు 100 గ్రాముల బియ్యం. హాజరు 23 అయితే 2.3 కిలోలు, ఇద్దరు రాకపోతే 2.1. వంటమ్మ బియ్యం తూచేటప్పుడు నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో కాటా చదివించడానికి పది నిమిషాలు చాలు. తిరుపతి పూల అంగళ్లలో అమ్మే ఆమె మూర, కొనే ఆమె మూర ఒకటి కావు. ఆ పేచీ తరగతిలో పెట్టించి చూడండి, మీటరు ఎందుకు కావాల్సొచ్చిందో పిల్లలే చెబుతారు.

2022లో వేరుపడ్డ చిత్తూరు, తిరుపతి జిల్లాల విద్యాశాఖాధికారులకు ఒక్క విన్నపం. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం ఈసారి జరిగినప్పుడు రంగు చార్టుల సంగతి కాసేపు పక్కనపెట్టండి. కాటా, లీటరు కొలపాత్ర, మీటరు టేపు ఎన్ని బళ్లలో ఉన్నాయో, ఉన్నచోట ఏ బీరువాలో తాళం వేసి ఉన్నాయో అడగండి.