మహారాజశ్రీ భర్త సంతకం గారికి

మహారాజశ్రీ భర్త సంతకం గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా ఆస్పత్రి కాగితాల అడుగున, చుక్కల గీత మీద, కాలు మీద కాలేసుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

తమరి దర్శనం కోసం జనం పడే అవస్థ తమరి దాకా వచ్చిందో లేదో. నెల తప్పింది ఆమెకు. ఇద్దరు పిల్లలు చాలనిపించిందీ ఆమెకే. ఆధార్ కార్డు తెచ్చింది, రక్తపరీక్ష చేయించుకుంది, స్కానింగ్ తీయించుకుంది. అన్నీ అయ్యాక కౌంటర్లో ఒక్కటే ప్రశ్న: “మీ ఆయన రాలేదా?” ఆయన దుబాయ్‌లో ఉండొచ్చు, లారీ మీద నాగపూర్ దాటి ఉండొచ్చు, ఇంకోచోట కాపురం పెట్టి ఉండొచ్చు. అయినా తమరు రావాలి. కనీసం వాట్సాప్‌లో ఫొటోగానైనా విచ్చేయాలి.

ఇంతకీ తమరికి ఈ కుర్చీ ఎవరు వేశారా అని వెతికితే భలే చిత్రం. గర్భస్రావం చట్టం 1971లో వచ్చింది. అందులో సమ్మతి అన్నచోట గర్భిణి ఒక్కతే ఉంది. 18 నిండకపోయినా, మానసిక అనారోగ్యం ఉన్నా మాత్రం సంరక్షకులు రాసివ్వాలి. సమ్మతి ఇచ్చే కాగితం పేరు ఫారం-సి. అందులో తమరికి గీత కాదు కదా, చుక్క కూడా లేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన ప్రమాణాలు చూసినా అంతే. చేయించుకునే మనిషి సంతకం చాలు, భర్త గానీ భార్య గానీ ఒప్పుకోవాల్సిన పని లేదు. చదువురాని ఆవిడ వేలిముద్ర వేస్తే పక్కన ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి తమరే కావాలని ఎక్కడా లేదు.

తమరు పుట్టింది చట్టంలో కాదు, జిరాక్స్ మిషన్లో. ఎప్పుడో ఏదో ఆస్పత్రి తన సొంత ఫారం అడుగున “భర్త/తండ్రి/సంరక్షకుడు” అని కలిపి ఉంటుంది. పక్క నర్సింగ్‌హోమ్ దాన్ని అలాగే దింపుకుంది. అలా నలభై ఏళ్ళ టీచరమ్మకు కూడా సంరక్షకుడు తయారయ్యాడు. అడిగితే చెప్పే కారణం కూడా తిన్నగానే ఉంటుంది: రేపు ఆయనొచ్చి గొడవ పెడితే, అద్దాలు పగలగొడితే ఎవరిది పూచీ? తమరు బీమా కాగితమన్నమాట. బీమా ఆమె ఒంటికి కాదు, ఆస్పత్రి అద్దాలకు.

పిలవని పేరంటానికి వచ్చినా తమరు ఊరుకున్న రకం కాదు, కోర్టు దాకా వెళ్ళారు. తనను అడక్కుండా గర్భం తీయించుకుందని ఒక భర్త భార్య మీదా డాక్టర్ల మీదా 30 లక్షల పరిహారానికి దావా వేశాడు. పంజాబ్-హర్యానా హైకోర్టు 2011లో కుదరదంది. 2017లో సుప్రీంకోర్టూ అదే మాట మీద నిలబడింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇంకాస్త విడమరిచి చెప్పింది: పెళ్లికాని ఆమెకైనా 24 వారాల దాకా గర్భం తీయించుకునే వెసులుబాటు వర్తిస్తుంది, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల తెమ్మని డాక్టర్లు లేనిపోని షరతులు పెట్టకూడదు. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం కిందే లెక్కగట్టాలంది. కేసు పెట్టి రమ్మననక్కర్లేదంది. శిక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం, 2024 జులైలో కొత్త శిక్షాస్మృతి వచ్చినా, అత్యాచారం గురించిన 63వ సెక్షన్ కింద భర్తగారి మినహాయింపు చెక్కుచెదరలేదు. గర్భం లెక్కకు నేరం, జైలు లెక్కకు కాపురం. తమరి అదృష్టం అలాంటిది.

తమరు ఫ్రేము కట్టించుకోదగ్గ తీర్పు ఇంకొకటుంది. 2007లో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు చెబుతూ, వైద్యపరమైన కారణం లేకుండా గానీ, భర్త ఒప్పుకోలు లేకుండా గానీ, భార్య “వేసెక్టమీ” గానీ గర్భస్రావం గానీ చేయించుకుంటే అదీ క్రూరత్వం కావచ్చంది. అవును, భార్య వేసెక్టమీ! మగవాళ్ళ ఆపరేషన్ కూడా ఆడవాళ్ళే చేయించుకుంటారన్న నమ్మకం ఎంత లోతుకు దిగిందో చూడండి.

ఆ నమ్మకానికి మన దగ్గర లెక్కలూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. తెలంగాణలో 60 దాటారు. ఆంధ్రలో మగవాళ్ళ ఆపరేషన్ ఒక్క శాతానికి కూడా రాలేదు. ఎప్పుడూ ఇలాగే లేదు లెండి. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్ళకే, అదీ చాలాచోట్ల బలవంతంగా. 1977లో ప్రభుత్వం పడిపోయింది. మగవాళ్ళ జోలికెళ్తే కుర్చీ కదులుతుందని నాయకులకు అర్థమైంది, కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

ఆ కత్తి సంగతి కూడా చెప్పుకుందాం. ఆడవాళ్ళకు పొట్ట తెరవాలి. ల్యాప్రోస్కోపీ అయితే పొట్టలోకి గ్యాస్ పంపి, గొట్టం దించి, అండం వెళ్ళే ఫెలోపియన్ నాళాలకు రింగులు వేయాలి. మగవాళ్ళకు కోత లేని వేసెక్టమీలో వృషణాల తిత్తి చర్మానికి చిన్న రంధ్రం, మత్తు ఆ ఒక్కచోటే, 10-15 నిమిషాల పని, కుట్లు లేవు. తెగేది వీర్యకణాలు వెళ్ళే నాళం. మగ హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి కోరికకు గానీ బలానికి గానీ వచ్చిన లోటేమీ లేదు. “మూటలు మోయాలి కదండీ, ఆయనకెందుకు” అంటారు. సిజేరియన్ అయిన ఆవిడ బిందెలు మోయదు కాబోలు!

వేసెక్టమీలో బోల్తా పడే చోటు ఒకటుంది. నాళం తెగినా దాని అవతల అప్పటికే ఉన్న కణాలు ఖాళీ కావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అంతవరకు కండోమ్ వాడాలి, తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాలి. ఈ రెండూ ఎగ్గొట్టే మహానుభావులు ఉంటారు. అప్పుడు ఆమె నెల తప్పుతుంది. అనుమానం ఎవరి మీదికి పోతుందో తమరికి చెప్పాలా?

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం క్యాంపులో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ఆ 10-15 నిమిషాల పనికి మాత్రం ఎవరూ క్యూ కట్టరు.

తమరు ఎప్పుడు పడతారు, ఎప్పుడు మొరాయిస్తారు అన్నది చూస్తే ముచ్చటేస్తుంది. ఇద్దరూ ఆడపిల్లలైతే ఆపరేషన్ కాగితం మీద తమరికి కలం ఆడదు. కాపర్-టి వేయించుకుంటే దారం గుచ్చుకుంటోందని ఆయన ఫిర్యాదు. కాస్త కత్తిరిస్తే సరిపోయేదానికి పదేళ్ళు పనిచేసే పరికరాన్నే పీకిస్తారు. గర్భసంచి తీసేయడానికి మాత్రం డాక్టరు నోరు తెరవగానే సంతకం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ వాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రలో దాదాపు 9 మందికి తీసేశారు. ఉంచుకోవాలన్నప్పుడు అది వంశం ఆస్తి, తీసేయాలన్నప్పుడు పాత సామాను.

తమరు లేకపోయినా తమరి నీడ ఉండాలన్న రూలు ఒకటి నిజంగానే ఉంది సుమండీ. సర్కారు ప్రమాణాల ప్రకారం ఆపరేషన్‌కు ఆమె వయసు 22 నుంచి 49 మధ్య ఉండాలి, ఎప్పుడో ఒకప్పుడు పెళ్లయి ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉండాలి. పెళ్లే వద్దు, పిల్లలే వద్దు అనుకున్న ముప్పై అయిదేళ్ళ మనిషికి ఆ వరసలో చోటే లేదు. దీని మీద మాత్రం తమరికి పూర్తి మార్కులు.

ఇకపై కౌంటర్లో తమరి కోసం ఎవరైనా పట్టుబడితే, “ఫారం-సి ఇవ్వండి, అందులో భర్త సంతకం ఎక్కడుందో చూపించండి” అని ఆమె అడగబోతోంది. చూపించలేకపోతే, కుదరదన్న మాట కాగితం మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇమ్మంటుంది. తన వివరాలు చట్టం ఒప్పని వాళ్ళకు బయటపెడితే ఏడాది దాకా జైలు ఉందనీ గుర్తుచేస్తుంది. తమరు నొచ్చుకోకూడదని ముందే చెబుతున్నాం.

ఇట్లు,
వేలిముద్ర (ఎడమ బొటనవేలు)
సాక్షి: పక్క బెడ్డావిడ
భర్త/తండ్రి/సంరక్షకుడు: — కొట్టివేయడమైనది —