మత్తులో పడిపోయే రక్తపోటు: మందుకంటే ముందు కారణం

శస్త్రచికిత్స జరుగుతుండగా సగటు రక్తపోటు (పై, కింది అంకెల నుంచి లెక్కించే ధమనుల సగటు ఒత్తిడి) 65 మి.మీ. కంటే దిగువకు పడి, కొంతసేపు అక్కడే ఉండిపోతే మూత్రపిండాలకూ గుండె కండరానికీ హాని జరిగే అవకాశం పెరుగుతుందని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అందుకే మానిటర్‌లో అంకె తగ్గగానే మత్తు వైద్యుల చేయి రక్తనాళాలను బిగించే వాసోప్రెసర్ సిరంజి మీదికి వెళ్తుంది. తొందరను తప్పుపట్టలేం గానీ, పోటు ఎందుకు పడిందన్న ప్రశ్న ఆ తొందరలో వెనకబడిపోకూడదు. ప్రొపోఫాల్ అనే మత్తుమందు వల్ల నాళాలు సడలినా, రక్తస్రావంతో అవి వెలితిపడినా తెరపై కనిపించే అంకె ఒకటే కావచ్చు. మొదటిదానికి నాళాలను బిగించడమే చికిత్స. రెండోదానికి అది రక్తమో ద్రవాలో ఎక్కించేలోగా దొరికే వ్యవధి మాత్రమే, పైగా జరుగుతున్న నష్టాన్ని కప్పిపుచ్చగలదు కూడా.

మందు ఎంపిక ఎంత ముఖ్యమో సిజేరియన్‌లో బాగా తెలుస్తుంది. వెన్నులోకి ఇచ్చే మత్తు నాళాలను బిగువుగా ఉంచే సింపథెటిక్ నాడులను అడ్డుకోవడంతో నాళాలు వదులై తల్లి రక్తపోటు పడిపోతుంది, మాయకు చేరే రక్తమూ తగ్గుతుంది. దీనికి దశాబ్దాలపాటు పోటును పెంచే ఎఫిడ్రిన్ అనే మందునే వాడారు. గర్భాశయ రక్తప్రవాహాన్ని అది కాపాడుతుందని గొర్రెలపై చేసిన ప్రయోగాల్లో కనిపించడమే ఆ నమ్మకానికి ఊతం. తల్లులలోనే పోల్చి చూసినప్పుడు, ఎఫిడ్రిన్ మాయను దాటి శిశువు జీవక్రియను పెంచుతుందనీ, బొడ్డుతాడు రక్తంలో ఆమ్లత్వం, నాళాలను బిగించే మరో మందు ఫినైలెఫ్రిన్ ఇచ్చినప్పటికంటే ఎక్కువగా ఉంటుందనీ తేలింది. 2018 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం ఫినైలెఫ్రిన్‌ను పోటు పడకముందే మొదలుపెట్టి, సిస్టాలిక్ (పై) అంకె మత్తుకు ముందున్న స్థాయిలో 90 శాతానికి తగ్గకుండా చూడమంది.

అయితే ఫినైలెఫ్రిన్ పోటును పెంచుతూనే గుండె వేగాన్ని తగ్గిస్తుంది, గుండె పంపే రక్తమూ దానితోపాటు తగ్గవచ్చు. పోటుతోపాటు నాడి కూడా మందగించిన తల్లికి అదే మందును మరింత ఎక్కించడం కంటే కొద్ది మోతాదులో ఎఫిడ్రిన్ ఇవ్వడం సబబు. నాళాలను బిగిస్తూనే స్వల్పంగా బీటా ప్రభావం (గుండెను ఉత్తేజపరిచే గుణం) కూడా ఉన్న నారెపినెఫ్రిన్ వైపు ఇటీవలి మొగ్గుకు కారణం ఇదే.

ఇక పోటును ఎంత దగ్గర నిలపాలన్నది తెగని వాదం. ప్రమాదం ఎక్కువగా ఉన్న 298 మందితో 2017లో వెలువడిన ఇన్‌ప్రెస్ అనే క్లినికల్ పరీక్షలో, ఎవరి మామూలు పోటును వారికి నారెపినెఫ్రిన్‌తో నిలిపినప్పుడు అవయవాల పనితీరు దెబ్బతినడం తగ్గింది. వేలాది మందిపై జరిగిన పాయిస్-3 అనే మరో పరీక్షలో మాత్రం, పోటు పడకుండా ప్రత్యేకంగా కాపాడినందువల్ల గుండె, రక్తనాళాల సమస్యలు తగ్గలేదు. ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగికి ఆ రోగి మామూలు పోటునే లక్ష్యంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. అలా పెట్టుకునేటప్పుడు ఆపరేషన్ బల్లపై ఆందోళనతో పెరిగిన రీడింగును కాకుండా, అంతకుముందు వార్డులో నమోదైన వాటిని ప్రమాణంగా తీసుకోవాలి.