సాన్‌మావోకి దొరికిన బల్ల

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం హాల్లో పుస్తకాల బల్ల లేదు. పోయిన ఏడాది దాకా రిజిస్ట్రేషన్ డెస్క్ పక్కన, పచ్చడి పంచే చోటికి ఎదురుగా ఉండేది. ఈసారి అక్కడ వన్‌గ్రామ్ గోల్డ్ నగల స్టాల్ పెట్టారు. నేను రెండు డబ్బాల నిండా చందమామ బైండు పుస్తకాలు తీసుకెళ్లాను. "ఆంటీ, ఈసారి ప్లేస్ లేదండీ. అయినా పిల్లలెవరూ చూడట్లేదు కదా" అన్నాడు వాలంటీర్ అబ్బాయి, మర్యాదగానే. డబ్బాలు మళ్లీ డిక్కీలోకి ఎక్కాయి. ఆ పూట పంచాంగ శ్రవణంలో నా రాశికి ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

అంతకు ముందు ఫిబ్రవరిలో మా టౌన్ లైబ్రరీలో చూసింది మనసులో ఉండబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువైంది. చైనా వాళ్ల కొత్త సంవత్సరం అది. డ్రాగన్ డాన్స్ లేదు, మైకు లేదు. ఒక బల్ల, దాని మీద అరచేతిలో ఇమిడే పాత పుస్తకాలు. పేజీకి ఒకే బొమ్మ, కింద రెండు మూడు వరుసల కథ. బల్ల వెనక మా వీధిలో ఉండే షాంఘై ఆవిడ కూర్చుని ఉంది. వీటిని లియెన్‌హువాన్‌హువా అంటారట. మన మాటల్లో గొలుసుకట్టు బొమ్మలు అనుకోవచ్చు. ఆవిడ చిన్నప్పుడు వీధి మలుపులో వీటిని అద్దెకిచ్చే బడ్డీ ఉండేదట. చిల్లర ఇచ్చి, అక్కడే పొట్టి బెంచీ మీద కూర్చుని చదివేసి, పుస్తకం తిరిగి ఇచ్చేసేవాళ్లట. వింటుంటే తెనాలిలో మా అద్దె పుస్తకాల కొట్టు కళ్లముందు కదిలింది.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. చేతికందిన పుస్తకం తీసింది. అది సాన్‌మావో. ఆ పేరుకి మూడు వెంట్రుకలు అని అర్థం. ఆ పిల్లాడి బోడి తల మీద నిజంగా మూడే వెంట్రుకలు. కథలో మాటలు దాదాపు ఉండవు. మా మనవరాలు ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. దిక్కులేని ఆ పిల్లాడు అద్దాల షాపులో ఒక బొమ్మను, దానికి తగిలించిన ధరను చూస్తాడు. తర్వాత తన ఒంటికి తనే ఒక చీటీ తగిలించుకుని అమ్మకానికి నిలబడతాడు. చీటీ మీద ధర ఆ బొమ్మ కంటే చాలా తక్కువ. "నానమ్మా, వీడు బొమ్మ కంటే చీపా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చాక ఈ బొమ్మల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. 1920ల్లో షాంఘైలో ఇవి విరివిగా వచ్చాయి. చదువుకున్నవాళ్లు కూలీలు, పిల్లలు చదివే చెత్త అని ఈసడించారు. 1932లో పేరున్న చైనా రచయిత లూ షున్ వీటి తరఫున వ్యాసం రాశాడు. రోమ్‌లో పోప్ గారి భవనాల గోడల మీద బైబిల్ కథలు వరస బొమ్మలుగానే ఉన్నాయి కదా, అవి గొప్పవైతే ఇవెందుకు కావు అన్నాడు. సాన్‌మావోను జాంగ్ లెపింగ్ అనే చిత్రకారుడు 1935లో మొదలుపెట్టాడు. 1947లో షాంఘై చలిలో వీధి పిల్లలు మంట చుట్టూ ముడుచుకుని కూర్చోవడం చూశాడు. మర్నాటికి వాళ్లలో ఇద్దరు చచ్చిపోయి ఉన్నారు. సాన్‌మావోను వీధిన పడ్డ పిల్లాడిగా గీసింది ఆ తర్వాతే.

వీటికి పడమటి దారి ఒక్కసారిగా తెరుచుకోలేదు. 1934లో బ్రస్సెల్స్‌లో టిన్‌టిన్ బొమ్మల కథల చిత్రకారుడు హెర్జేకి షాంఘై నుంచి చదువుకోవడానికి వచ్చిన జాంగ్ చోంగ్‌రెన్ పరిచయమయ్యాడు. చైనాలో జరిగే టిన్‌టిన్ కథ "బ్లూ లోటస్"లో వీధి గోడల మీద కనిపించే చైనా అక్షరాలు ఈయన చలవే. అవి ఉత్తి గీతలు కావు, సామ్రాజ్యవాదం నశించాలి, జపాన్ సరుకులు బహిష్కరించండి అనే నిజమైన నినాదాలు. బెల్జియం పిల్లలు వాటిని అందమైన అలంకారంగానే చూసి పేజీ తిప్పారు. చదవలేని అక్షరం ఎంత పెద్ద మాట చెప్పినా గోడకు రంగుగానే మిగిలిపోతుంది. మన స్టేజి వెనక ఫ్లెక్సీ మీద గురజాడ పద్య పాదం ముందు నిలబడి సెల్ఫీలు దిగే మన పిల్లలు గుర్తొచ్చారు.

తర్వాత చాలాకాలానికి 1971లో ఇటలీలో, 1973లో అమెరికాలో మావో కాలపు బొమ్మల కథలు ఒక సంపుటంగా వచ్చాయి. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో వ్యాసం కూడా అందులో ఉంది. అయితే అప్పుడు అవి ఎక్కువగా రాజకీయ ప్రచారానికి నమూనాలుగానే పనికొచ్చాయని నాకనిపిస్తుంది. కథలుగా చేతికందింది ఈ మధ్యే. పారిస్‌లో ఫెయి అనే చిన్న ప్రచురణ సంస్థ 2012లో "వాటర్ మార్జిన్" అనే చైనా పాత కథను ముప్పై చిన్న పుస్తకాలుగా, అదే పొట్టి సైజులో, ఫ్రెంచి మాటలతో ఒక పెట్టెలో పెట్టి ఇచ్చింది. వాళ్లే వేసిన సాన్‌మావోకి 2015లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్ బొమ్మల కథల ఉత్సవంలో వారసత్వ బహుమతి దక్కింది. పుట్టిన ఎనభై ఏళ్లకు!

చైనాలో 1966 తర్వాత సాంస్కృతిక విప్లవంలో పాత కథల పుస్తకాలను పనిగట్టుకుని నాశనం చేశారు. మన చందమామల్ని ఎవరూ తగలబెట్టలేదు. నేను అమెరికా వచ్చిన ఏడాది మా ఇంట్లో పాతికేళ్ల సంచికలు పాత పేపర్లవాడికి తూకానికి వేశారు. వేసింది మా అమ్మే. చదువుకున్న ఇంట్లో, పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో. అమ్మను నేను తప్పుపట్టలేను, ఇల్లు చిన్నది. కానీ ఆ పుస్తకాల్లో శంకర్ గారి బేతాళుడు, చిత్రా గారి బొమ్మలు, వపా అట్టలు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మన సంఘం కార్యవర్గం, అదే ఈసీ వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. హాలు అద్దె పెరిగింది, స్టాల్ వాళ్లిచ్చే డబ్బుతోనే భోజనాలు గడుస్తున్నాయి. పిల్లలు బల్ల వైపు రాలేదన్న మాట కూడా నిజమే. కానీ వాళ్లు చదవగలిగేలా మనం ఏం పెట్టాం? పోయినేడు నేను బొమ్మల కింద ఇంగ్లీషు చీటీలు అంటిస్తానంటే ఒక పెద్దాయన "ఇంగ్లీషులో చదివితే ఇంక తెలుగెందుకమ్మా" అన్నారు. నేను ఊరుకున్నాను, అది నా తప్పు. ముందు కథ పట్టుకుంటే అక్షరం కోసం పిల్లలే అడుగుతారు. మా మనవరాలు లైబ్రరీ నుంచి వస్తూ కారులో అడిగింది, "మూడు"ని తెలుగులో ఎలా రాస్తారని.

దీపావళికి ఆరడుగుల బల్ల ఒకటి ఇప్పించండి. నగల స్టాల్ వాళ్లు ఎంతిస్తారో అంతా నేను కడతాను. చీటీలు అంటించడానికి ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికినా చాలు, టీ నేను పెడతాను. బల్ల పక్కన రెండు పొట్టి బెంచీలు కూడా వేసుకోనివ్వండి. పిల్లలు కూర్చుని చదువుకుంటారు.