బిల్లు కట్టడమే బాధ్యత కాదు

హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రి గేటు బయట మందుల షాపుల దగ్గర నిత్యం కనిపించే దృశ్యం ఇది. కొడుకునో భర్తనో వార్డులో పడుకోబెట్టి వచ్చిన మనిషి చీటీ అందిస్తుంది. డాక్టరు రాసింది పది మాత్రలు. షాపతను రేటు చెబుతాడు. ఆమె కొంగుముడి విప్పి లెక్క చూసుకుని, ‘నాలుగే ఇయ్యన్నా, మిగిలినయి రేపు తీస్కపోత’ అంటుంది. అతను కత్తెరతో షీటు కోసి నాలుగు మాత్రలు చేతిలో పెడతాడు. రేపు ఆమె మళ్లీ వస్తుందో రాదో అతనికీ తెలియదు.

సర్కారు జనం బాధ్యత ఎంతవరకు తీసుకోవాలి, మార్కెట్‌కు ఎంత వదిలేయాలి అన్న వాదన ఈ రాష్ట్రంలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా, బడ్జెట్ పెట్టినప్పుడల్లా రగులుతూనే ఉంది. ఉచితాలు జనాన్ని సోమరులను చేస్తున్నాయని ఒకరు, ప్రైవేటు అంటేనే దోపిడీ అని మరొకరు గొంతు చించుకుంటారు. ఆ మందుల షాపు ముందు నిలబడి వింటే ఈ రెండు మాటల్లో ఏదీ ఆ తల్లికి అక్కరకు వచ్చేది కాదు.

పైగా ఇది మాత్రలు తయారుచేసే ఊరు. దేశానికి బల్క్ డ్రగ్స్ (మాత్రల తయారీకి వాడే ముడి మందులు) రాజధాని అని పేరున్న నగరం. ఆ పేరు ఎలా వచ్చిందో గుర్తుచేసుకుంటే వాదన సగం తేలిపోతుంది. నేటి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి మూలం 1944లో నిజాం సర్కారు పెట్టిన ప్రయోగశాల. 1956లో అది కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ చేతికి వచ్చింది. 1961లో కేంద్రం తన సొంత మందుల కంపెనీగా ఐడీపీఎల్‌ను స్థాపించి, సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం కట్టింది. 1970 పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేదంది. వేరే పద్ధతిలో అదే మందును చౌకగా చేసుకునే దారి దాంతో తెరుచుకుంది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే. ఆ గేటు లోపల పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా యూనిట్లు పెట్టుకున్నవాళ్లు ఈ నగరంలో ఇంకా చాలామంది. 1997లో శాంతా బయోటెక్ దేశీయంగా హెపటైటిస్-బి టీకా తెచ్చి ధరను నేలకు దించింది. ఆ పరిశోధన తొలి అడుగులు ఉస్మానియా యూనివర్సిటీలో, సర్కారీ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పడ్డాయి. జనం పన్నుతో కట్టిన బడిలో చదివి, జనం పన్నుతో నడిచిన ల్యాబ్‌లో చేయి తిప్పడం నేర్చుకుని, ఆ తర్వాతే హైదరాబాద్ మార్కెట్ ప్రపంచాన్ని గెలిచింది.

ఇందులో రెండోవైపును దాచే ఉద్దేశం మాకు లేదు. అంత ఘనంగా మొదలైన ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పరిశ్రమగా తేలింది. సర్కారు ముద్ర ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ నడవదు. ఐడీపీఎల్ చేయలేనిది ప్రైవేటు కంపెనీలు చేసి చూపించాయి. ఆఫ్రికాలో రోగికి కూడా అందే ధరకు మందులు పంపించగలిగింది పోటీ ఉండబట్టే. ఎక్కడ పది మంది అమ్మేవాళ్లుంటారో, ఎక్కడ కొనేవాడు బేరమాడి, కాదంటే పక్క దుకాణానికి పోగలడో అక్కడ మార్కెట్‌ను మించిన ఏర్పాటు లేదని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

గుండె పట్టుకుని అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చినవాడు మాత్రం ఎవరితో బేరమాడతాడు? 2017 ఫిబ్రవరిలో కేంద్రం, గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. మందు పూతతో ఉన్న స్టెంటుకు రూ.29,600, మామూలు దానికి రూ.7,260 అని గరిష్ఠ ధర కట్టింది. అప్పటిదాకా మందు పూత స్టెంటు మీద లక్ష రూపాయలకు పైబడి వసూలు చేసిన మాట వాస్తవం. ధర తగ్గినా స్టెంట్లు దొరుకుతూనే ఉన్నాయి. 2020లో కొవిడ్ వేళ రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రులకు రోజుకు రూ.4,000, ఐసీయూకు రూ.7,500, వెంటిలేటర్‌తో రూ.9,000 అని రేట్లు నిర్ణయించింది. ఆ జీవో వచ్చాక కూడా లక్షల బిల్లులు చేతిలో పట్టుకుని, శవం అప్పగించమని కుటుంబాలు బతిమాలుకున్న రోజులను ఈ నగరం మరిచిపోలేదు. మరిచిపోకూడదు.

ఇక ఆరోగ్యశ్రీ, పేదల వైద్యానికి సర్కారే బిల్లు కట్టే పథకం. 2007లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టిన ఈ పథకం ఎన్ని ప్రాణాలు నిలిపిందో ఊరూరా చెబుతారు. గుండె ఆపరేషన్ కోసం ఎకరం అమ్ముకునే గతి చాలామందికి తప్పింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ ఏం జరుగుతోంది? బకాయిలు రాలేదని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపుతాయి. చర్చలు జరుగుతాయి, కొంత సొమ్ము విడుదలవుతుంది, తలుపులు తెరుచుకుంటాయి. కొన్ని నెలలకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ మధ్యలో ఆపరేషన్ తేదీ ఇచ్చి, ఆ తేదీన వెనక్కి పంపించిన రోగి ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఆస్పత్రి ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ప్రభుత్వం ఆస్పత్రిని చూపిస్తుంది.

అసలు చిక్కు బకాయిల్లో లేదు. సర్కారు తన బాధ్యతను బిల్లు కట్టడానికి కుదించుకోవడంలో ఉంది. సొంత ఆస్పత్రి బలంగా ఉన్నప్పుడే ప్రైవేటు ఆస్పత్రితో ప్రభుత్వం బేరమాడగలదు. అది చతికిలబడితే కొనేది సర్కారే అయినా, అర్ధరాత్రి వచ్చిన గుండె రోగి లాగే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పైగా ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ల కోసం. షుగర్, బీపీ మాత్రలు వేసుకుంటూ ఆ దాకా రాకుండా బతకాల్సినవాళ్లకు కావాల్సింది బస్తీ దవాఖానా, అందులో మందు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెడుతున్న వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, నిజమే. అయినా ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై ఇప్పటికీ ఆ కొంగుముడి నుంచే వస్తున్నాయి. ప్రభుత్వ ఖర్చును 2025కల్లా జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామన్న 2017 జాతీయ ఆరోగ్య విధానం మాట మాటగానే ఉండిపోయింది.

1908 సెప్టెంబరు మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు కాపాడుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1925 నాటికి అక్కడే కొత్త ఆస్పత్రి, నేటి ఉస్మానియా, లేచింది. జబ్బుపడ్డ మనిషిని చూసుకోవడం పాలకుల పని అన్నది ఆనాడే ఈ ఊరు రాతిలో కట్టి చూపింది. 2020 జులైలో వాన కురిస్తే అదే భవనం వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి. రోగులు మంచాల మీద, మంచాల కింద మురుగు. ఆ తర్వాత పాత భవనాన్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరగడానికి 2025 జనవరి 31 దాకా పట్టింది.

ప్రైవేటు ఆస్పత్రులను మూయించమని మేము అనడం లేదు. చేసిన వైద్యానికి గడువులోగా డబ్బు చెల్లించండి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించండి. అప్పుడు సేవలు ఆపే హక్కు వాళ్లకు ఉండదు. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నిబంధనలు ఏ వైద్యానికి ఎంతో ఇంగ్లిష్‌తోపాటు స్థానిక భాషలోనూ అందరికీ కనిపించేలా రాసిపెట్టమన్నాయి. నగరంలోని కార్పొరేట్ ఆస్పత్రుల రిసెప్షన్‌లో తెలుగులో, ఉర్దూలో ఆ బోర్డు ఉందో లేదో అధికారులు వెళ్లి చూడాలి.

గోషామహల్ విషయంలోనూ పడకల సంఖ్య చెబితే సరిపోదు. ఆ రెండు వేల పడకలకు ఎంతమంది నర్సులు, ఎంతమంది టెక్నీషియన్లు, మందులకు ఏటా ఎంత సొమ్ము అన్నది రాబోయే బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెట్టాలి. భవనం పూర్తయ్యేదాకా ఆగనక్కరలేని పని ఇంకొకటి ఉంది. చీటీలో రాసిన పది మాత్రలకు పదీ ఉస్మానియా ఫార్మసీ కిటికీలోనే ఏ తేదీ నుంచి దొరుకుతాయో ఆరోగ్యశాఖ మంత్రి అదే సభలో ప్రకటించాలి.